ముందు ఆమెను అడుగు

రాజమండ్రి

చిట్టీ,

సఖి కేంద్రంలో కేస్ వర్కర్‌గా చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గొంతులో సంతోషం కన్నా బెంగే ఎక్కువ వినిపించింది. "పెళ్లి కావాల్సిన పిల్ల, రాత్రి డ్యూటీలు, పైగా ఆ కేసులు..." అని నసిగాడు. అన్నయ్య సంగతి నాకొదిలెయ్. నువ్వు మెసేజ్‌లో అడిగినదానికి జవాబుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. "అత్యాచారం జరిగి వచ్చిన మనిషితో మొదట ఏం మాట్లాడాలి అత్తయ్యా?" అన్నావు. సర్కారు ఆసుపత్రిలో క్యాజువాలిటీలోనూ గైనిక్ వార్డులోనూ ఉద్యోగమంతా గడిపినదాన్ని, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చడం నావల్ల కాదు.

"నువ్వు చెప్పింది నమ్ముతున్నానమ్మా. ఇందులో నీ తప్పేమీ లేదు." ఇదీ మొదటి మాట. ఆ తర్వాత "ఇప్పుడు నీకేం కావాలి?" అని అడిగి ఆగు. జవాబు వెంటనే రాదు, వచ్చేదాకా కూర్చో. మంచినీళ్లంటుంది, దుప్పటి అంటుంది, కాసేపు పడుకుంటానంటుంది, అమ్మకు ఫోన్ చెయ్యమంటుంది, లేదా అమ్మకు మాత్రం చెప్పొద్దంటుంది. ఏదైనా సరే. వాడెవడో ఆమె ఇష్టాన్ని లెక్కచెయ్యకుండా ఆమె ఒంటి మీద అధికారం చెలాయించాడు. ఆ తర్వాత వచ్చే పోలీసు, డాక్టరు, అన్న, మేనమామ, ఊరిపెద్ద అందరూ ఆమె మంచికేనంటూ మళ్లీ ఆమెను అడక్కుండానే అన్నీ తేల్చేస్తుంటారు. నీ ఉద్యోగమల్లా ఆ నిర్ణయాన్ని తిరిగి ఆమె చేతికివ్వడం. గది తలుపు వెయ్యాలా తెరిచి ఉంచాలా అన్న దగ్గర్నుంచి కేసు పెట్టాలా వద్దా అన్నదాకా ముందు ఆమెను అడుగు.

"ఎందుకు అరవలేదు?", "ఆ టైములో అక్కడికెందుకెళ్లావు?", "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" ఈ మూడూ నీ నోట రాకూడదు. ఎవరైనా నీ ఎదుట అడిగితే ఆపెయ్. భయం హద్దు దాటితే ఒళ్లు కొయ్యబారిపోతుంది. గొంతు పెగలదు, చెయ్యి లేవదు. అది శరీరం చేసే పని, మనిషి ఒప్పుకోవడం కాదు. ఆమె ఎదురు తిరగకపోయినా, అంతమాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదని చట్టంలోనే రాసి ఉంది. బోస్టన్ సిటీ ఆసుపత్రికి వచ్చిన స్త్రీలతో మాట్లాడి ఆన్ బర్జెస్ అనే నర్సు, లిండా హోమ్‌స్ట్రామ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లోనే ఒక సంగతి రాశారు. కొందరు ఏడుస్తారు, కొందరు ఏమీ జరగనట్టు నిబ్బరంగా కూర్చుంటారు, రెండూ ఆ దెబ్బ లక్షణాలేనన్నారు. కాబట్టి ఏడవని మనిషిని చూసి "ఈమెకేమీ కాలేదేమో" అని గుసగుసలాడేవాళ్లను గది బయటికి పంపించు. అలా పంపించే హక్కు నీకుంది.

ఇక ఆసుపత్రి. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, నీకు ట్రైనింగ్‌లో ఇంత చెప్పి ఉండరు.

"పోలీసు కాగితం తెస్తేనే చూస్తాం" అనడానికి ఏ ఆసుపత్రికీ వీల్లేదు. సర్కారుదైనా ప్రైవేటుదైనా వెంటనే, ఉచితంగా వైద్యం చెయ్యాలి. తిప్పి పంపితే బాధ్యులకు ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది, నంబరు గుర్తుపెట్టుకో, అర్ధరాత్రి పూట పనికొస్తుంది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, వాటినీ గర్భం రాకుండా ఇచ్చే మాత్రనూ ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. హెచ్‌ఐవీ మందులు 28 రోజులు వాడాలి, కడుపులో తిప్పుతుంది, సగంలో మానేస్తారు. అందుకని మూడో రోజూ వారం రోజులకూ ఫోన్ చేసి "మందులు వేసుకుంటున్నావా?" అని అడుగు. శరీరం మీది నమూనాలు నాలుగు రోజుల దాకా తీసుకోవచ్చు. స్నానం చేసి వచ్చినా, బట్టలు ఉతికేసినా "అయ్యో, ఎంత పని చేశావు" అనకు. ఆ మాటతో ఆమె కేసు తానే పాడు చేసుకున్నానని కుమిలిపోతుంది. ఉన్న బట్టలనే కాగితం సంచిలో పెట్టమను, ప్లాస్టిక్ కవరులో పెడితే బూజు పడుతుంది.

ఆ బట్టలు సాక్ష్యంగా తీసుకుంటారు కదా, మరి ఆమె ఏం కట్టుకుని బయటికి రావాలి? ఆసుపత్రి గౌనుతోనో పక్క మంచం మీది దుప్పటి చుట్టుకునో వెళ్లాల్సి రావడం నేను చూశాను. ఎవరింటికైనా ఆ అవతారంలో ఎలా వెళ్తుంది? కేంద్రం బీరువాలో ఎప్పుడూ రెండు మూడు సైజుల చుడీదార్లు, నైటీలు, లోపలి బట్టలు, శానిటరీ ప్యాడ్లు, చెప్పులు ఉండాలి. బడ్జెట్‌లో లేదంటే నాకు చెప్పు, నేను కొని పంపిస్తాను.

పరీక్షకు ఆమె ఒప్పుకోవాలి. మొత్తం పరీక్షకు ఒక్క సంతకం సరిపోదు, ఏ భాగం ముట్టుకున్నా ముందు చెప్పి అడగాలి. వైద్యం కావాలి, నమూనాలు వద్దు అనే హక్కు ఆమెకుంది. ఎక్కడైనా ఎప్పుడైనా ఆపమనే హక్కూ ఉంది. రెండు వేళ్ల పరీక్షను 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలే వద్దన్నాయి. అది చేసినవాళ్లు దుష్ప్రవర్తనకు పాల్పడ్డట్టేనని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా పాత అలవాటు కొద్దీ కేస్ షీటులో ఆ గడి నింపేవాళ్లుంటారు. నువ్వు పక్కనే నిలబడితే నింపరు.

పోలీసు దగ్గర ఆమె మాటను మహిళా అధికారే రాసుకోవాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, నకలు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. ఆసుపత్రి పోలీసులకు కబురు పెట్టడం తప్పనిసరే. కానీ వయసొచ్చిన స్త్రీ ఫిర్యాదు ఇవ్వనంటే ఆ సంగతి రాసుకుని వైద్యం కొనసాగించాలి. "కేసు పెట్టకపోతే ఇంకో ఆడపిల్ల బలవుతుంది" అని మాత్రం నువ్వు ఒత్తిడి చెయ్యకు. ఊరందరి భద్రత భారం ఆ రాత్రి ఆమె నెత్తిన పెట్టడం అన్యాయం. కేసు పెడితే ఏం జరుగుతుందో, పెట్టకపోతే ఏం జరుగుతుందో చెప్పు, నాలుగు రోజుల తర్వాత వచ్చినా నీ తలుపు తెరిచే ఉంటుందని చెప్పు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయం వేరు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, నీకు ఎంచుకునే వీల్లేదు. అందుకే పిల్ల మనసు విప్పకముందే "నువ్వు చెప్పేది నేను కొందరు పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుందమ్మా, ఎవరికి చెబుతానో నీకు ముందే చెబుతాను" అను. "ఎవరికీ చెప్పనులే" అని ఒట్టేసి తర్వాత పోలీసుకు చెబితే ఆ పిల్ల ఇంకే పెద్దమనిషినీ నమ్మదు. పిల్లకు తోడుగా ఒక సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ ఏర్పాటు చెయ్యాలి, అడిగి వేయించు. కోర్టులో నిందితుడు పిల్ల కంటికి కనబడకూడదు, వాడి వకీలు నేరుగా ప్రశ్న వెయ్యకూడదు, జడ్జి ద్వారానే అడగాలి.

నీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ పని చేసినవాడు తెలిసినవాడే అయి ఉంటాడు. నమోదైన కేసుల్లోనే నూటికి తొంభైకి పైగా అంతే. చుట్టం, పక్కింటివాడు, ప్రేమించానన్నవాడు, పనిచేసే చోట పైవాడు. ఒక్కోసారి మొగుడే. మొగుడి బలవంతాన్ని మన చట్టం ఇప్పటికీ అత్యాచారం కింద లెక్కెయ్యదు, అది నాకు ఎన్నటికీ మింగుడుపడని సంగతి. కానీ 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా ఉంది, రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. "చట్టంలో లేదమ్మా" అని వెనక్కి పంపకు.

ఈ చట్టాలు ఊరికే రాలేదు. నేను హైదరాబాదులో నర్సింగ్ చదువుతున్నప్పుడు, 1978 మార్చిలో, సినిమా చూసి వస్తున్న దంపతుల్ని నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆమె మీద అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. ఊరంతా అట్టుడికింది. విచారణకు వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు చేసిందేమిటంటే ఆమె నడత మంచిది కాదని సాక్షులను నిలబెట్టడం. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చినా, కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి అందరూ విడుదలయ్యారు. ఆమె పేరు ఆ రోజుల్లో ప్రతి పత్రికలోనూ అచ్చయింది. నేనిక్కడ రాయను. అదే కాలంలో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లోనే ఒక ఆదివాసీ బాలిక మీద జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దాన్ని ప్రశ్నిస్తూ 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. వీధుల్లోకొచ్చిన ఆడవాళ్ల వల్ల, ఆ లేఖ వల్ల 1983లో చట్టం మారింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది ఆ మార్పుతోనే. ఇప్పుడు నువ్వు వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫొటో, ఒక్క ఊరి పేరు పడనివ్వకుండా కాపాడేది పేరు బయటపడకుండా ఉండే ఆమె హక్కునే.

తీర్పు గురించి ఎవరికీ మాట ఇవ్వకు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు చెప్పారు. మానవ హక్కుల వేదిక వాళ్లు, మహిళా సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి వాళ్ల వెంట నిలిచారు. విచారణ మొదలయ్యేసరికే పదేళ్లు దాటింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు పోలీసులను విడుదల చేస్తూనే, దర్యాప్తు సరిగా చెయ్యలేదని చెప్పి ఆ స్త్రీలకు పరిహారం ఇప్పించమంది. ఈలోగా వాళ్లలో కొందరు కన్నుమూశారు. మొదటి రోజుల్లో జరగాల్సిన పని జరగకపోతే పదహారేళ్ల పోరాటం కూడా దాన్ని పూడ్చలేదు. అందుకే ఆసుపత్రి సంగతి అంత పొడుగ్గా రాశాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె కోలుకోవడాన్ని తీర్పుకు ముడిపెడితే ఎన్నేళ్లు ఆగుతుంది?

కోలుకోవడం ఆమె నిద్రతో మొదలవుతుంది. నిద్ర పట్టడం, ఒంటరిగా బస్సెక్కగలగడం, మళ్లీ కాలేజీకో పనికో వెళ్లడం. మూడు నెలలు బాగానే ఉండి, ఏదో వాసనకో పాటకో ఉన్నట్టుండి వణికిపోతుంది. వెనక్కి పోయానని భయపడుతుంది. అలా అవుతుందని ముందే చెప్పి ఉంచు. రాత్రిపూట మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు. గర్భం వస్తే 24 వారాల దాకా తీయించుకునే హక్కుంది. పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టించు. 2018 నాటి పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షల దాకా ఉంది, శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతర సాయం అడగొచ్చు. అది దానం కాదని ఆమెకు స్పష్టంగా చెప్పు, ఆ డబ్బు తీసుకుంటే లోకం ఏమంటుందోనని వదులుకునేవాళ్లను చూశాను. వకీలును కూడా అక్కడే ఉచితంగా ఇస్తారు, ఆడవాళ్లకు ఆదాయం లెక్క లేదు.

ఇంట్లోవాళ్లు రాజీ అంటారు. పెద్దమనుషుల్లో కూర్చోబెడతారు, డబ్బు మాట్లాడతారు, కొన్నిచోట్ల వాడికే ఇచ్చి పెళ్లి చేస్తామంటారు. అత్యాచారం కేసులో రాజీకి తావు లేదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట ఆ పెద్దమనుషులకు నువ్వే చెప్పు, ఆమె చేత చెప్పించకు.

ఇంకొందరు "వాణ్ని ఎన్‌కౌంటర్ చెయ్యాలి" అని ఊగిపోతారు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర ఒక అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఆ పూలు చల్లినవాళ్లు తమ వీధిలో బతికున్న మనిషికి కోర్టు వాయిదా నాడు తోడెళ్లారా? నాకు కావాల్సింది అలా తోడెళ్లేవాళ్లు.

ఆమె బయటికొచ్చి మాట్లాడాలని కూడా కోరుకోకు. ప్రజ్వల సంస్థను 1996లో స్థాపించిన సునీతా కృష్ణన్ తన మీద జరిగినదాన్ని తానే లోకానికి చెప్పి ఎందరికో దారి చూపించారు. అది ఆమె ఎంచుకున్న దారి. పేరు చెప్పుకోకుండా, ఎవరికీ తెలియకుండా హాయిగా బతకాలనుకునే మనిషిదీ అంత గౌరవమైన దారే.

చివరిగా నీ కేంద్రం సంగతి. రాత్రి బండి ఉందా? డ్రైవరు నిజంగా వస్తున్నాడా? కౌన్సెలర్ పోస్టు నిండిందా? అయిదు రోజులు ఉండనివ్వాల్సిన గదిలో మంచాలూ గొళ్లేలూ సరిగా ఉన్నాయా? మీ జీతాలు నెలనెలా వస్తున్నాయా? ఏది లేకపోయినా కలెక్టరుకు రాతపూర్వకంగా పెట్టు, జిల్లా కమిటీకి అధ్యక్షత వహించేది కలెక్టరే. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకుని దాచుకో. జవాబు రాకపోతే మళ్లీ పెట్టు. ఇక్కడ రిటైరైన నర్సులం కొందరం ఉన్నాం. ఆసుపత్రికి తోడు రావడానికీ, కోర్టు వరండాలో ఆమె పక్కన కూర్చోవడానికీ మాకు ఓపికుంది. మీ కలెక్టరు అనుమతిస్తే వంతులేసుకుని వస్తాం. ముందు రోజు ఒక్క ఫోన్ చెయ్యి చాలు.

ఇట్లు
నీ మేనత్త