ఓర్చుకోవడం అంటే ఏంటి? పద్మాక్షి గుట్ట మీద నేర్చుకున్న పాఠం

ఈ వారం వీడియోలో భగవద్గీత రెండో అధ్యాయం 14వ శ్లోకం చూశాం కదా. ఇంద్రియాలకు విషయాలు తగిలినప్పుడు చలి, వేడి, సుఖం, దుఃఖం కలుగుతాయి. అవి వచ్చిపోయేవి, వాటిని ఓర్చుకో అని కృష్ణుడు అర్జునుడికి చెప్తాడు. ఆ ఓర్పునే మన పెద్దలు తితిక్ష అన్నారు. వీడియోలో టైం సరిపోక చెప్పలేకపోయిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నా. ఈ శ్లోకాన్ని నేను ఒకసారి తప్పుగా వాడాను. దాని ఫలితం మా బాపు అనుభవించాడు.

2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న, శనివారం వచ్చింది. రుద్రదేవుడు 1163లో కట్టించిన మన వేయిస్తంభాల గుడికి వెళ్ళి, రాత్రంతా జాగారం చేశాం. ఉపవాసం కూడా. తెల్లారి ఆదివారం పారణ చేసేస్తే అయిపోయేది. కానీ నేను ఒక నియమం పెట్టాను: పద్మాక్షి గుట్ట ఎక్కి, అమ్మవారి దర్శనం చేసుకుని, పైన రాళ్ళ మీదుగా గుట్ట ఆ కొస దాకా నడిచి, దిగాకే పారణ. ఏ పెద్దలూ చెప్పని, ఏ గ్రంథంలోనూ నేను చదవని నియమం అది. పూర్తిగా నా సొంతం.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన దగ్గర అంటారు కదా. ఆ ఏడు చలి అంతకుముందే వెళ్ళిపోయినట్టుంది. వాతావరణ శాఖ లెక్కలో జనవరి, ఫిబ్రవరి రెండూ చలికాలమే. కానీ దేశం మొత్తం సగటు పగటి ఉష్ణోగ్రత చూస్తే, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత వేడి ఫిబ్రవరి అప్పటిదాకా లేదు. నేను మాత్రం "చలికాలమే కదా" అనుకుని, నీళ్ళ బాటిల్ కూడా లేకుండా, తొమ్మిదిన్నరకి బాపుని తీసుకుని బయల్దేరాను.

మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దర్శనం అయ్యాక గుడి దాటి రాళ్ళ మీదకి వెళ్ళాం. నీడ లేదు. చెప్పులు కిందే వదిలేశాం, బండ అరికాళ్ళకి చురుక్కుమంటోంది. బాపు ఆగాడు. "గొంతు ఎండుతుంది బిడ్డా, జెర్ర కూసుందాం" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "ఇంకొక్క పది నిమిషాలే బాపూ. కృష్ణుడు ఏం చెప్పిండు? ఎండ వస్తది, పోతది. ఓర్చుకోవాలె."

బాపు ఏమీ అనలేదు. నా వెనకే నడిచాడు. నాలుగు అడుగులు వేశాక తిరిగి చూస్తే, బండకి ఆనుకుని కిందికి జారిపోతున్నాడు. ఒళ్ళంతా చెమట, ముఖం పాలిపోయింది, మాట తేలిపోతోంది. నేను "బాపూ, బాపూ" అని అరవడం తప్ప ఇంకేం చేయలేకపోయాను. దర్శనానికి వచ్చిన ఒక పెద్దమ్మ ఆ అరుపు విని వచ్చింది. బాపుని బండ నీడకి జరిపించింది. కాళ్ళు ఎత్తి పెట్టమంది. తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. "ఉపవాసం..." అని నేను ఇంకా నసుగుతున్నా. "దేవుడేమన్న ఎండల నిలవెట్టుమన్నడా కొడుకా? ముందుగాల నీళ్ళు తాపు" అంది.

బాపు తేరుకున్నాడు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. డాక్టర్ గారు వివరంగా చెప్పారు. ఒంట్లో నీళ్ళు తగ్గాయి, రాత్రి నిద్ర లేదు, దానికి తోడు బీపీ గోలీ. చెమట రూపంలో నీళ్ళు పోతుంటే, తాగేది లేకపోతే, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

ఆ రాత్రి గీత మళ్ళీ తెరిచాను. ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాల్లో కృష్ణుడు స్పష్టంగా చెప్పాడు: మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తినని వాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అతిగా మేలుకునేవాడికీ యోగం కుదరదని. పదిహేడో అధ్యాయంలో అయితే ఇంకా గట్టిగా, శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్ని హింసించేవాళ్ళు లోపల ఉన్న తననే హింసిస్తున్నారంటాడు. మహాభారతంలో విదురుడు వ్రతభంగం కానివి ఎనిమిది అని చెప్తూ నీళ్ళు, పళ్ళు, పాలు, మందు కూడా లెక్కపెట్టాడు. అంటే బాపు గుక్కెడు నీళ్ళు తాగితే వ్రతం ఎక్కడికీ పోయేది కాదు.

ఇంకో సంగతి. పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం ఉంది. రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించిందని అందులో ఉంది. బండ మీద చెక్కిన తీర్థంకరుల విగ్రహాలు ఇప్పటికీ చూడొచ్చు. జైన మునులు ఓర్చుకోవాల్సిన 22 కష్టాల్లో చలి, వేడి, ఆకలి, దాహం అన్నీ ఉన్నాయి. కానీ అవి దీక్ష తీసుకున్న ముని తనంతట తాను తీసుకున్నవి. నేను చేసింది వేరు. నా పట్టుదలని బాపు ఒంటి మీద పెట్టాను. అర్జునుడికి కూడా కృష్ణుడు ఓర్చుకోమన్నది అర్జునుడి చలినీ వేడినీ. పక్కవాడి దాహాన్ని అర్జునుడు ఓర్చుకోవాలని చెప్పలేదు!

అందుకే ఈ వారం సాధన ఇది:

1. గుట్ట ఎక్కే ముందు క్యాలెండర్ కాదు, ఆ రోజు ఎండ చూడండి. సూర్యోదయానికి బయల్దేరి, ఎండ ముదరకముందే దిగండి. నీళ్ళు తప్పకుండా తీసుకెళ్ళండి.

2. బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్ళు ఉపవాసం ఉండాలంటే ముందు డాక్టర్‌ని అడగండి.

3. ఎవరికైనా కళ్ళు తిరిగితే నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీళ్ళు తాగించండి. లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపితే ఇంకా మంచిది. మాట తడబడినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

4. మీ ఓర్పుని మీ మీదే పరీక్షించుకోండి.

తర్వాతి శివరాత్రికి తెల్లారగానే పారణ చేశాం. బాపు నవ్వుతూ "గుట్ట ఎక్కుదామా?" అన్నాడు. సాయంత్రం చల్లబడ్డాక వెళ్ళాం, రెండు బాటిళ్ళతో. మధ్యలో ఎక్కడ కూర్చోవాలో బాపే చెప్పాడు, నేను కూర్చున్నాను.

శుభం. వచ్చే వీడియోలో కలుద్దాం.