స్త్రీల వ్యాధులు: ఓ.పి. గదిలో రోగనిర్ణయం, చికిత్స

వైద్యశాస్త్రపు శాఖలలో రోగం కన్నా రోగం పేరు చెప్పుకోవడమే కష్టమైన శాఖ ఒకటి ఉన్నది. అది స్త్రీ వ్యాధుల శాఖ. కంటికి జబ్బు వస్తే కన్ను అంటాము, పంటికి పోటు వస్తే పన్ను అంటాము. ఈ శాఖకు వచ్చేసరికి మన భాషలు తల దించుకుంటాయి. తెలుగులో "తెల్లబట్ట" అంటారు. రోగాన్ని వదిలి బట్టను పేర్కొనడం అది. "బహిష్టు" అనే మాటకు మూలార్థం వెలుపల ఉన్నది అని. శరీరధర్మాన్ని వదిలి ఆమె కూర్చున్న చోటును చెప్పడం. ఉర్దూ మాట్లాడే మన ఇండ్లలో "సఫేద్ పానీ" అంటారు, అదీ గొంతు తగ్గించి. యునానీ హకీములు ఇదే వ్యాధిని "సైలానుర్రహిమ్" అన్నారు. గర్భాశయానికి అరబీలో "రహిమ్" అని పేరు. దయ అనే అర్థం గల "రహ్మత్" ఆ ధాతువు నుండి పుట్టినదే. అంత గౌరవమైన పేరు గల అవయవాన్ని గురించి మాట్లాడడానికి సిగ్గెందుకో మాకు బోధపడదు.

మేము వైద్యులము కాము, తెలుగు పాఠం చెప్పుకొనేవారము. ఇంటి స్త్రీలకు తోడుగా ఆసుపత్రి బల్లల మీద కూర్చుని, డాక్టరమ్మలను అడిగి, దొరికినది చదివి తెలుసుకొన్న సంగతులను మా విద్యార్థినుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాము. ఈ వ్యాధులలో చాలా భాగాన్ని పడక అవసరం లేకుండానే, ఓ.పి. చీటీ మీద ఒకటి రెండు ఉదయాలలో గుర్తించి వైద్యం చేయవచ్చు. ఆ గది తలుపు తట్టడానికి జంకిన స్త్రీలు అనేకులు కొన్నేళ్ళకు గర్భసంచి తీయించుకొని ఇంటికి వస్తున్నారు.

ఇది అతిశయోక్తి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటా నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది. ఈ లెక్కలో మన రాష్ట్రమే దేశంలో మొదటి స్థానంలో నిలిచినది. ఏమి ప్రథమ స్థానమో! దేశం మొత్తం మీద ఆ శస్త్రచికిత్స జరిగిన వయస్సు, సగటున చూస్తే, 34 దరిదాపుల్లో ఉన్నది. సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం నెలసరిలో అధిక రక్తస్రావం. అండాశయాలను కూడ తీసివేస్తే ఆ వయస్సులోనే ముట్లుడిగిన లక్షణాలు వచ్చి, ఎముకల బలం తగ్గుతుంది. ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయవలసినదిగా 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం అన్ని రాష్ట్రాలను ఆదేశించినది.

ఇక ఓ.పి. గదిలో జరిగేదేమిటో చూద్దాము. డాక్టరమ్మ వేసే మొదటి ప్రశ్న, "ఆఖరుసారి ఎప్పుడైనది? ఎన్ని రోజులు ఉన్నది?" చాలామంది ఇక్కడే తడబడతారు. నిజానికి ముస్లిం బాలికలకు ఇది కొత్త పాఠం కాదు. నమాజు కోసం "హైజ్" ఏది, "ఇస్తిహాజా" ఏది అని ఫిఖ్‌లో నేర్పుతారు. హనఫీ పద్ధతిలో హైజ్ 3 రోజులకు తగ్గదు, 10 రోజులకు మించదు; మించినది ఇస్తిహాజా, అనగా వ్యాధి వల్ల కలిగే స్రావం. నేటి వైద్యులు 8 రోజులు దాటితేనే విచారించాలంటారు. సహజమైన స్రావానికీ రోగానికీ మధ్య గీత గీయాలన్న ఆలోచన రెండింటా ఒకటే. కాలెండరులో తేదీ పక్కన చుక్క పెట్టుకొనే అలవాటు ఉన్న స్త్రీ సగం రోగనిర్ణయాన్ని చేతిలో పట్టుకొని వెళ్తున్నట్లే.

తరువాతది పరీక్ష. దీని భయమే ఎక్కువమందిని ఇంట్లో కూర్చోబెడుతున్నది. వివాహం కాని బాలికలకు లోపలి పరీక్ష సాధారణంగా చేయరు. నీరు త్రాగి మూత్రాశయం నిండిన తరువాత పొట్ట మీదనే స్కానింగు తీస్తారు. నెలలు తప్పడం, ముఖాన వెంట్రుకలు, బరువు పెరగడం వంటి పీసీఓడీ లక్షణాలకు అదీ, రక్తపరీక్షలూ చాలును. వివాహితలకు స్పెక్యులమ్ అనే పరికరంతో గర్భాశయ ముఖద్వారాన్ని చూస్తారు. కొద్ది నిమిషాల పని. పక్కన నర్సమ్మ ఉంటుంది. ఉండాలని అడిగే హక్కు కూడ రోగికి ఉన్నది.

తెల్లబట్ట అంతా రోగం కాదు. నెల మధ్యలోను, ముట్టుకు ముందును, గర్భిణీ దశలోను కొంత స్రావం సహజం. పెరుగు విరిగినట్లుండి దురద పెడితే శిలీంధ్రం వల్ల వచ్చినది. అది మాటిమాటికీ వస్తుంటే రక్తంలో చక్కెర చూడాలి. చేపల నీచువాసన వస్తే వేరొక సూక్ష్మజీవి. పసుపు పచ్చగా నురగతో ఉంటే ట్రైకోమోనాస్. గాజుపలక మీద ఒక చుక్క స్రావాన్ని ఉప్పునీటితో కలిపి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ జీవి కదులుతూ కనిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల సురక్షా క్లినిక్కులలో దీనికి మందులను ఆకుపచ్చ పొట్లంలో ఇస్తూ వచ్చినారు. ఒక్క సంగతి చెప్పక తప్పదు. ట్రైకోమోనాస్‌కు భర్త కూడ మందు మింగాలి. ఆయన మింగకపోతే రోగం మళ్ళీ వస్తుంది, మందు పని చేయలేదన్న నింద డాక్టరమ్మ మీద పడుతుంది, మూడవసారికి ఎవరో ఒకరు "సంచి తీయించెయ్యండి" అంటారు. ఒక పురుషుని మొహమాటానికి ఒక స్త్రీ అవయవం మూల్యం కావడం మేము కన్నులారా చూచినాము.

అధిక రక్తస్రావం విషయానికి వద్దాము. మా బంధువర్గంలో ఒక ఆమె గుడివాడ ప్రాంతంలో ఉంటారు. వయస్సు 36. నెల మధ్యలో రక్తం కనిపిస్తున్నదని వెళ్తే, ఒకచోట లోపలి పరీక్ష అయినా చేయకుండా ఆపరేషనుకు తేదీ ఇచ్చినారు. పిల్లల పరీక్షలు ముగిసిన తరువాత చేయించుకుందామని ఆమె ఆగడం అదృష్టమైనది. ఈలోగా బందరులో ఓ.పి.లో చూపించినారు. స్పెక్యులమ్ పెట్టి చూడగానే గర్భాశయ ముఖద్వారం నుండి చింతగింజంత పాలిప్ వేలాడుతూ కనిపించినది. దానిని ఆ బల్ల మీదనే పట్టుకారుతో మెలితిప్పి తీసి, సీసాలో వేసి ప్రయోగశాలకు పంపినారు. ఆమె మధ్యాహ్నం బస్సుకు ఇంటికి చేరినారు. వారం దాటిన తరువాత రిపోర్టు వచ్చినది. అందులో చెడు ఏమీ లేదు.

పాలిప్ కాని సందర్భాలలోనూ దారులున్నవి. ముందు హీమోగ్లోబిన్ చూసి ఇనుము మాత్రలు ఇస్తారు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ ఆమ్లం ముట్టు రోజులలో మాత్రమే మింగవలసిన మందు. 1962లో దీనిని వెలికితెచ్చినవారు ఉతాకో ఒకామోతో అనే జపాను స్త్రీ, ఆమె భర్త. నలభై దాటినవారికి సన్నని గొట్టంతో గర్భాశయపు లోపొర ముక్కను తీసి పరీక్షిస్తారు, మత్తు అక్కరలేదు. హార్మోను గల చిన్న పరికరాన్ని లోపల అమర్చితే కొన్నేళ్ళపాటు స్రావం బాగా తగ్గుతుంది. ఇవేవీ ఫలించనప్పుడు, లేదా క్యాన్సరు తేలినప్పుడు, ఆపరేషన్ అవసరమే. ఆపరేషనుకు మేము విరోధులము కాము, చూడకుండా కోయడానికి విరోధులము.

ఆ క్యాన్సరును ముందే పట్టే ఉపాయం మన వంటింటిలోనే ఉన్నది. పచ్చళ్ళకు వాడే సిర్కాలోని ఆమ్లాన్నే, నూటికి 3 నుండి 5 పాళ్ళ బలంతో, గర్భాశయ ముఖద్వారం మీద అద్ది ఒక నిమిషం ఆగితే, చెడే కణాలున్న చోటు తెల్లబడుతుంది. తమిళనాట దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు 30-59 ఏండ్ల స్త్రీలకు ఒక్కసారి ఈ పరీక్ష చేసినారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, పరీక్ష జరిగిన పల్లెలలో ఈ క్యాన్సరు మరణాలు మూడింట ఒక వంతు తగ్గినవి. తెల్లమచ్చను చల్లదనంతోనో వేడితోనో అక్కడే మాడ్చివేయవచ్చు. ముట్లుడిగిన తరువాత ఆ చోటు లోపలికి జరిగి సరిగా కనిపించదు కనుక ముందే చేయించుకోవాలి. 30 దాటిన స్త్రీలకు 5 ఏండ్లకొకసారి ఈ పరీక్ష జరగాలని 2016లో కేంద్రం నిర్దేశించినా, 2019-21 సర్వే నాటికి చేయించుకొన్నవారు దేశంలో నూటికి ఇద్దరైనా లేరు.

దివిసీమలో నాట్లు వేసే స్త్రీలు, కాన్పు తరువాత త్వరగా బరువు ఎత్తినవారు "ఏదో జారుతున్నది" అంటారు. గర్భసంచి జారడానికి రబ్బరు లేక సిలికోను ఉంగరం ఒకటి అమర్చి, కొన్ని నెలలకొకసారి శుభ్రం చేస్తే, ఆపరేషన్ వద్దన్నవారికీ తాళలేనివారికీ సుఖమిస్తుంది.

పరదా అడ్డమని కొందరంటారు. చరిత్ర మరొక విధంగా ఉన్నది. పరదా స్త్రీల కోసమే 1885లో మద్రాసులో ఘోషా ఆసుపత్రి వెలిసినది. విశాఖలోని విక్టోరియా ఆసుపత్రిని నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. కృష్ణకు ఆవలి గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ మొదట మందుల గదులు నడిపి, 1898లో ఆసుపత్రి తెరిచినారు. పడకల కన్నా ముందు ఓ.పి.యే పుట్టినదన్నమాట. మన ముత్తవ్వలు డోలీలలో వెళ్ళి చూపించుకొన్నారు.

అయితే ఓ.పి. వేళ దాకా ఆగకూడనివి కొన్ని ఉన్నవి. నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం గొట్టంలో నిలిచి ఉండవచ్చు. అర్ధరాత్రి అయినా బయలుదేరాలి. తొలిదశలోనే పట్టుబడితే కొందరికి మెథొట్రెక్సేట్ సూదితోనే తగ్గుతుంది. భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో రూపొందిన మందు అది. ముట్లుడిగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆ వారంలోనే చూపించుకోవాలి.

బందరులో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డల నుండి వచ్చేవారు చీటీల వేళకు అందుకోవాలంటే తెల్లవారే బస్సు ఎక్కాలి. వెంట తేదీలు వ్రాసుకొన్న కాగితం, పాత స్కానింగు ఫిల్ములు, మింగుతున్న మందుల అట్టలు తీసుకువెళ్ళండి. అత్తగారు తోడు వచ్చినట్లయితే, పరీక్ష వేళకు ఆమెను బయట బల్ల మీద కూర్చోమని నర్సమ్మ చేత చెప్పించండి.