విజ్ఞాన వితరణలో సహకార మార్గం

ప్రవేశిక

పరిశోధన పత్రికలు ఎట్లా వెలువడతాయో, వాటి వ్యయాన్ని ఎవరు భరిస్తారో, అవి అందరికీ ఉచితంగా అందే మార్గం ఏదో ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ఎంత పంచినా తరగని ధనం విద్య అని పెద్దల మాట. అయితే ఆ విద్యను అక్షరరూపంలో నిలిపి పదిమందికీ చేర్చడానికి వ్యయం తప్పదు. ఆ వ్యయాన్ని ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు మన జంటనగరాలు నూరేళ్ల కిందటే ఒక సమాధానం చెప్పాయి.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. ఒక్కరు కొనలేని గ్రంథాలను పదిమంది కలిసి సమకూర్చుకొని అందరి ముందూ ఉంచడమే గ్రంథాలయోద్యమ సూత్రం. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు ఈ సూత్రాన్ని ప్రచురణకు విస్తరింపజేసి, 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. పోషకుల విరాళాలు, చందాదారుల ఆదరణ తోడై అబ్రహాం లింకన్ జీవితచరిత్ర, చిలుకూరి వీరభద్రరావు రచించిన ‘ఆంధ్రుల చరిత్రము’ వంటి గ్రంథాలు తెలుగువారి చేతికి వచ్చాయి.

గ్రంథం వలెనే పత్రిక కూడా విజ్ఞానవాహిక. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో ప్రారంభించిన ‘భారతి’ సాహిత్య, చరిత్ర పరిశోధనలకు దశాబ్దాలపాటు వేదికగా నిలిచి, 1991లో ఆగిపోయింది. పత్రిక ఆగిపోతే అందులోని పరిశోధన కొద్ది గ్రంథాలయాల బీరువాలకే పరిమితమవుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను డిజిటల్ రూపంలో అంతర్జాలంలో ఉంచిన తరువాతనే వాటిలో అనేకం మళ్లీ పాఠకులకు అందాయి.

పరిశోధన పత్రిక నడిచే తీరు గమనింపదగినది. పండితుడు వ్యాసం రాసి పంపుతాడు. సంపాదకుడు దానిని ఆ విషయం తెలిసిన ఇతర విద్వాంసుల పరిశీలనకు పంపుతాడు. వారు దోషాలు చూపి, ప్రచురణార్హమో కాదో చెబుతారు. రాసినవారికి గాని, పరిశీలించినవారికి గాని సాధారణంగా పారితోషికం ఉండదు. అయినా పత్రిక వాణిజ్యసంస్థ చేతిలో ఉన్నప్పుడు, ఆ పండితుడు పనిచేసే కళాశాలే చందా చెల్లించి అతని వ్యాసాన్ని కొనుక్కోవలసి వస్తుంది. కొన్ని పత్రికలు పాఠకునికి ఉచితంగా ఇచ్చి, రుసుమును రచయిత నుండి వసూలు చేస్తాయి. ప్రయోగశాలకు లభించే నిధులు సాహిత్య, చరిత్ర పరిశోధకునికి అరుదు. కనుక ఈ పద్ధతిలో చదివేవానికి తలుపు తెరుచుకున్నా, రాసేవానికి మూసుకుపోతుంది.

మూడవ మార్గం సహకారం. 2015లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన బర్క్‌బెక్ కళాశాలలో ‘ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్’ 7 పత్రికలతో ప్రారంభమైంది. అనేక గ్రంథాలయాలు తలా కొంత చెల్లించి దానిని పోషిస్తున్నాయి. రచయితకు రుసుము లేదు, పాఠకునికి చందా లేదు. అదే ఏడాది ‘లింగ్వా’ అనే భాషాశాస్త్ర పత్రిక సంపాదకవర్గం ప్రచురణసంస్థతో విభేదించి రాజీనామా చేసి, ‘గ్లోసా’ అనే ఉచిత పత్రికను స్థాపించింది. పత్రికకు ప్రాణం పేరు కాదు, పండితుల శ్రమ అని ఆ సంఘటన నిరూపించింది. కెనడాలోని క్విబెక్‌లో 1998లో మొదలైన ‘ఎరుడి’ని అక్కడి విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతూ, ఫ్రెంచి భాషలోని మానవీయ, సామాజిక శాస్త్ర పత్రికలకు ఆశ్రయమిచ్చాయి. ఆంగ్లం చుట్టుముట్టిన చోట తమ భాషలో పరిశోధన నిలవాలన్న సంకల్పం మనకు ఆదర్శప్రాయం.

మన దేశంలో ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకానికి 2024 నవంబరులో కేంద్రం ఆమోదం తెలిపి, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. దీనివల్ల ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 అంతర్జాతీయ పత్రికలు అందుతాయి. ఇది చదువుకొనే అవకాశాన్ని పెంచుతుందే గాని, తెలుగులో పరిశోధన పత్రికలను పుట్టించదు. ఆ పని మనమే చేసుకోవాలి. అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన ‘ఈమాట’ అంతర్జాల పత్రిక స్వచ్ఛంద శ్రమతో, రచనల పరిశీలనతో, చందా లేకుండా నేటికీ నడుస్తున్నది. పత్రికానిర్వహణకు కెనడా పండితులు రూపొందించిన ‘ఓపెన్ జర్నల్ సిస్టమ్స్’ అనే సాఫ్ట్‌వేరు కూడా ఉచితంగానే దొరుకుతుంది.

కొరవడినది సాధనం కాదు, కలిసి నడిచే నియమం. స్వచ్ఛంద శ్రమ ఉత్సాహం ఉన్నంతకాలమే సాగుతుంది. కళాశాలలు, గ్రంథాలయాలు ఏటేటా తలా కొంత పంచుకుంటే అది సంస్థగా స్థిరపడుతుంది. ఉచితమన్నది ఖర్చు లేనిది కాదు. అందరూ కలిసి మోసినది. ఆనాడు గ్రంథాలయాలను నిలిపిన ఆ చేయూతే నేడు తెలుగు పరిశోధనకు కావాలి.

కఠిన పదాలు - అర్థాలు

వితరణ = పంచిపెట్టడం
వ్యయం = ఖర్చు
వాహిక = మోసుకుపోయేది
పారితోషికం = చేసిన పనికి ఇచ్చే ప్రతిఫలం
సంకల్పం = దృఢమైన నిశ్చయం

ప్రశ్నలు

1. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఆశయాన్ని వివరించండి.
2. రచయిత నుండి రుసుము తీసుకొనే పద్ధతిలోని లోపమేమిటి?
3. “ఉచితమన్నది ఖర్చు లేనిది కాదు” - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ కళాశాల గ్రంథాలయం ఒక తెలుగు పరిశోధన పత్రికకు ఎట్లా తోడ్పడగలదో పది వాక్యాలలో రాయండి.