రేచీకటియు, కంటి లోపలి పటమును

దీపములు పెట్టు వేళ గడప తగిలి పడు పిల్లవానికి రేచీకటి యని పెద్దలు గుర్తింతురు. విటమిను ‘ఏ’ లోపమువలన వచ్చు రేచీకటి వైద్యుడిచ్చు మందుతోను, తగిన ఆహారముతోను కుదురును. ఆ మందునకు లొంగని రేచీకటి మరియొకటి కలదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అను ఈ వ్యాధి వంశానుగతము. మేనరికములు సాగిన కుటుంబములలో దీని కొన్ని రకములు హెచ్చుగా కానవచ్చును. మొదట చీకటిలో చూపు తగ్గును, పిదప ప్రక్కచూపు పోవును. పైకి మాత్రము కన్ను నిర్మలముగనే యుండును. అందుచేతనే ఇట్టి పిల్లలు పరాకు మనుషులని తిట్లు తినుచుందురు.

లోపల ఏమి జరుగుచున్నదో చూపు పరీక్షలలో స్వయంప్రతిదీప్తి ఛాయాచిత్రణ యొకటి. పేరు కఠినమైనను విషయము సులభమే. కంటి వెనుకనున్న రెటీనాలో వెలుగును గ్రహించు కణములును, వాని వెనుక వానిని పోషించు కణముల వరుసయు గలవు. ఈ పోషక కణములలో లిపోఫసిన్ అను పదార్థము, లాంతరు చిమ్నీలో మసివలె, ఏండ్ల తరబడి పేరుకొనును. నీలికాంతి సోకినపుడు అది తనంతట పసుపువన్నె వెలుగు నిచ్చును. మిక్కిలి మందమైన ఆ వెలుగునే ప్రత్యేకమైన కెమెరా పట్టుకొనును. సూదితో రంగు ఎక్కించు పని లేదు, నొప్పి లేదు. 1995లో లండనులోను, అమెరికాలోను పరిశోధకులు ఈ విధానమునకు బాట వేసిరి.

పటములో కణములు నశించిన చోటు నల్లగాను, బాధపడుచున్న చోటు మిక్కిలి తెల్లగాను అగుపడును. పై వ్యాధిలో పెక్కుమందికి చూపుకేంద్రము చుట్టును తెల్లని వలయము కానవచ్చును. దాని లోపలి భాగము ఇంకను పనిచేయుచుండును; వెలుపలిది దెబ్బతినియుండును. వేసవిలో చెరువునీరు అంచులనుండి నడుమకు తగ్గినట్లు, ఏండ్లు గడచుకొలది ఆ వలయము కుదించుకొనును. వేర్వేరు సంవత్సరముల పటములను ప్రక్కప్రక్కన పెట్టినచో వ్యాధి వేగము తెలియును.

ఈ పరీక్ష వ్యాధిని కుదుర్చదు. కుదుర్చునని చెప్పువారిని నమ్మరాదు. 2017లో అమెరికాలో ఒక్క జన్యులోపమునకు సంబంధించిన జన్యుచికిత్స ఆమోదింపబడినది గాని, అది అన్ని రకములకు పనికిరాదు.

ఇట్టి యంత్రము పెద్ద నేత్రవైద్యశాలలలోనే యుండును. పంచాయతీ సభ్యులు సంధ్యవేళ తడబడు పిల్లలను గూర్చి ఉపాధ్యాయులను, ఆశా కార్యకర్తను విచారింపవలెను. మందుతో గుణము కనబడనిచో జిల్లా ఆసుపత్రి కంటి వైద్యుని యొద్దకు పంపవలెను. తోబుట్టువులను గూడ వెంట పంపుట మంచిది. చూపులోపము నిర్ణీత ప్రమాణమునకు చేరినచో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము క్రింద ధ్రువపత్రము లభించును. ఆ పత్రము వచ్చులోపల, పాఠశాలలో కిటికీ ప్రక్కన ముందు వరుసలో ఆ బిడ్డను కూర్చుండబెట్టుటకు ఎవరి ఉత్తరువులును అక్కరలేదు.