ఏ రైలు?

ఇంగ్లండు దేశంలోని నార్ఫోక్ ప్రాంతంలో, ఉత్తర సముద్రపు ఒడ్డున షెరింగ్‌హామ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ సముద్రానికి ఎదురుగా నిటారుగా నిలిచిన ఎత్తైన గట్టు మీద ఒక ప్రాచీన గోల్ఫ్ మైదానం ఉంది. దానిని నిర్వహించే సంఘం 1891లో ఏర్పడింది. మైదానానికి ఒక ప్రక్క సముద్రం, మరొక ప్రక్క రైలు మార్గం. కడలి గాలి బంతిని దారి తప్పిస్తే, రైలు కూత ఆడేవారి మనస్సును దారి తప్పిస్తుంది.

గోల్ఫ్‌లో పరుగులు లేవు. ప్రత్యర్థితో పెనుగులాట లేదు. నేల మీద కదలక ఉన్న బంతిని కర్రతో కొడుతూ, దూరాన ఉన్న చిన్న గుంటలో పడవేయాలి. తక్కువ దెబ్బలతో ఆ పని చేసినవారు ఆ గుంటను గెలిచినట్లు. బంతి నిశ్చలమే, దాని ముందు నిశ్చలంగా నిలవవలసింది మనస్సు.

1920లో ఆంగ్ల మహిళల గోల్ఫ్ పోటీలు ఆ మైదానంలో జరిగాయి. స్నేహితురాలికి తోడుగా వచ్చిన పద్దెనిమిదేళ్ళ జాయిస్ వెదర్డ్ కూడా వాటిలో పాల్గొన్నది. అప్పటికి ఆమె పేరు ఎక్కువమందికి తెలియదు. తుదిపోరులో ఆమెకు ఎదురుపడినది నాటి విజేత సెసిల్ లీచ్. ఒక దశలో జాయిస్ ఆరు గుంటలు వెనుకబడింది. ఓటమి తప్పదని చూపరులు అనుకొన్నారు. కాని ఆమె తొందరపడలేదు, నిరాశపడలేదు. ఒక్కొక్క గుంటనే గెలుచుకొంటూ ప్రత్యర్థిని దాటిపోయింది.

పదిహేడవ గుంట వద్ద విజయానికి ఇక ఒక్క దెబ్బ మిగిలింది. ఆమె కర్ర ఎత్తిన క్షణాన ప్రక్కనే రైలు పెద్ద చప్పుడుతో సాగిపోయింది. ఆమె చేయి వణకలేదు. బంతి మెల్లగా దొర్లి గుంటలో పడింది. రైలు వెళ్ళేదాకా ఎందుకు ఆగలేదని తరువాత అడిగితే, ఆమె ఆశ్చర్యంతో "ఏ రైలు?" అన్నదని చెబుతారు.

ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునికి చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు. పక్షి ఒక్కటే కనబడింది. జాయిస్‌కు కనబడినది బంతి, గుంట మాత్రమే. ఆ ఏకాగ్రత ఒక్కనాటితో ముగియలేదు. 1924 వరకు వరుసగా ఐదేళ్ళు ఆమె ఆ పోటీలలో విజేతగా నిలిచింది. బ్రిటిష్ మహిళల పోటీలను నాలుగుసార్లు గెలిచింది. స్త్రీపురుష భేదం లేకుండా తాను చూసినవారందరిలో ఆమె అత్యుత్తమ క్రీడాకారిణి అని సుప్రసిద్ధ అమెరికన్ క్రీడాకారుడు బాబీ జోన్స్ ప్రశంసించాడు.

ఆ రైలు మార్గం 1964లో మూతపడింది. 1975 నుండి పాతకాలపు ఆవిరి రైళ్ళను నడుపుతూ కొందరు ఔత్సాహికులు దానికి మళ్ళీ ప్రాణం పోశారు. మైదానం ప్రక్కన నేటికీ కూత వినబడుతూనే ఉంది. చప్పుడు లేని చోటు కోసం వెతికేవారికి అది దొరకకపోవచ్చు. చేపట్టిన పనిలో లీనమైన మనస్సుకు ఆ వెతుకులాటతో పని లేదు.