చిట్టీ, ఆ డబ్బా వెనక చదివావా?

చిట్టితల్లీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు డ్రై షాంపూల ఫొటో చూశాను. "పిన్నీ, ఏది కొనను?" అని ఒక్క ముక్క రాసి డ్యూటీకి పరిగెత్తావు. ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే ఈ ఉత్తరం. హౌస్‌సర్జన్సీలో చదివే తీరిక ఎక్కడిదంటావు. తెలుసులే తల్లీ, తలస్నానానికే టైము లేని పిల్లవి. అయినా చదవాలి.

ఇక్కడ అందరం బాగున్నాం. పెళ్లిళ్లు మొదలయ్యాయి, పార్లర్‌లో కూర్చునే సందు లేదు. అమ్మమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకా వస్తోంది. మంచం మీద ఉన్న రోజుల్లో తల జిడ్డుకి ఎంత చిరాకు పడిందో! బియ్యపు స్టార్చ్‌తో చేసిన డ్రై షాంపూ పౌడర్ కుదుళ్లకి అద్ది దువ్వితే ఆ పూటకి ఆవిడ ముఖం తేటపడింది. కాబట్టి ఇది చెడ్డ వస్తువని నేననను. అయితే ఒకటి గుర్తుంచుకో. అది జిడ్డుని పీల్చుకుంటుంది, అంతే. చెమట, దుమ్ము, చుండ్రు ఎక్కడివక్కడే ఉంటాయి, పైన పిండి చేరుతుంది. వరసగా రెండు రోజులు వాడావంటే మూడో రోజు తలస్నానం చేయాల్సిందే. నీది ఒత్తు జుట్టు, పైగా చుండ్రు తత్వం. దాన్ని నిర్లక్ష్యం చేశావంటే ఊరుకోను.

ఇక నీ ఫొటోలో మొదటిది, స్ప్రే. వాడటం తేలికే. ఊపి, జానెడు దూరం నుంచి కొట్టి, రెండు నిమిషాలాగి దువ్వుకుంటే చాలు. కానీ డబ్బా వెనక సన్నక్షరాలు చదివావా? బ్యూటేన్, ప్రొపేన్ అని ఉంటాయి. మన వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండేవీ అవే. నీ హాస్టల్ గదిలో కెటిల్, దోమల చుట్ట, దేవుడి దగ్గర దీపం, అన్నీ ఒక్క బల్ల మీదే. ఆ గదిలో స్ప్రే కొడతానంటే నా గుండె ఆగుతుంది. ఎండలో పెట్టిన స్కూటీ డిక్కీలో అసలే ఉంచకు.

ఇంకో సంగతి. 2021 డిసెంబరులో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, 2022 అక్టోబరులో యూనిలీవర్ అమెరికాలో కొన్ని డ్రై షాంపూ స్ప్రేలు వెనక్కి తీసుకున్నాయి. వాటిలో బెంజీన్ ఉండే అవకాశం ఉందన్నారు. బెంజీన్ రక్తక్యాన్సర్ తెస్తుందని నీకు నేను చెప్పాలా? యూనిలీవర్ వెనక్కి పిలిచినవి 2021 అక్టోబరుకి ముందు తయారైనవి. ఇక్కడ తాము డ్రై షాంపూ అమ్మడమే లేదని హిందుస్థాన్ యూనిలీవర్ అప్పట్లో చెప్పింది. నా దిగులు షాపులో దొరికే దాని గురించి కాదు, మీ అన్నయ్య ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చిన డబ్బా గురించి. ఇంకా నీ అల్మరాలోనే ఉందిగా? తయారీ తేదీ పాతదైతే, లేక చెరిగిపోయి కనపడకపోతే వాడకు. కోప్పడుతున్నాననుకోకు బంగారం, భయంతో చెబుతున్నా.

ఫొటోలో ఉన్న ఫోమ్ నీకు పనికిరాదు. తడి ఆరేదాకా ఆగే ఓపిక నీకెక్కడిది?

నా మాట విని పౌడర్ కొనుక్కో. వెనక పదార్థాల జాబితాలో టాల్క్ లేకుండా, బియ్యం, మొక్కజొన్న స్టార్చ్‌లో ఏదో ఒకటి మొదట్లోనే ఉన్నది చూడు. వాసన ఎంత తక్కువుంటే అంత మంచిది. తెల్లగా కనిపిస్తుందని గోధుమ రంగు కలిపింది కొంటావేమో, వద్దు. రంగు చెమటకి దిగి నీ తెల్ల ఏప్రన్ కాలర్‌కి అంటుతుంది. తెలుపు పోవాలంటే తక్కువ వేయాలి. పాపిడి పాపిడి విడదీసి, మేకప్ బ్రష్‌తో కుదుళ్లకి మాత్రమే అద్దు. తల మీద గుమ్మరించుకుని ఆ పొడి పీల్చకు. నైట్ డ్యూటీకి బయల్దేరే ముందు హడావిడిగా కాకుండా, అన్నానికి కూర్చునే ముందే వేసుకో. తిని లేచేసరికి జిడ్డు లాగేసి ఉంటుంది. అప్పుడు వేళ్లతో రుద్ది, తల వంచి బాగా దువ్వు.

దురద పెట్టినా, కుదుళ్ల దగ్గర పుండ్లలా లేచినా ఆ రోజే ఆపేసి మీ స్కిన్ ఓపీలో చూపించుకో. డాక్టర్నే కదా అని ఏదో ఒక ఆయింట్‌మెంట్ నువ్వే రాసేసుకోకు. ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

నీ పిన్ని