పసుపు రైతు - వాయిదా వ్యాపారము



బోధను ప్రాంతమున చెఱకు వేసిన రైతునకు ఒక నిశ్చింత యుండెడిది. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము గానుగాడినంత కాలము, బండి గేటు దాటుటయే తడవుగా ధర యెంతయో యతనికి తెలిసియుండెడిది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. పసుపు రైతునకు మాత్ర మట్టి నిశ్చింత యెన్నడును లేదు. నిజామాబాదు గంజిలో ఈ వారపు ధర వచ్చు వారమునకు నిలుచునని యెవరును చెప్పజాలరు.

అందుచే వాయిదా వ్యాపారమున దిగవచ్చునా యని మమ్మడుగువారు పెరుగుచున్నారు. "మేము వాణిజ్యశాస్త్రము చదివినవారము కాము, మాకిది సాధ్యమా?" యనునది వారి సందేహము. సాధ్యమే. లెక్కకు కూడిక, తీసివేత, హెచ్చవేత చాలును. పసుపు తేమ, ఉడుకు, కొమ్ము నాణ్యము పట్టణపు వ్యాపారికంటె రైతే బాగుగా నెఱుగును. తెలియవలసిన దొక్కటియే: ధర భయము తగ్గించుకొనుటకు పోవుచున్నామా, లేక క్రొత్త భయము కొని తెచ్చుకొనుచున్నామా?

వాయిదా బేరమనగా, ముందొక నెలలో సరకు ఇచ్చుటకో పుచ్చుకొనుటకో నేడే ధర నిశ్చయించుకొనుట. పసుపునకు ఈ బేరము ఎన్‌సీడీఈఎక్స్ అను విపణిలో జరుగును. మన నిజామాబాదే దానికి మూల కేంద్రము. ధరను క్వింటాలునకు చెప్పుదురు. ఒక లాటు 5 టన్నులు, అనగా 50 క్వింటాళ్లు. 2015 సెప్టెంబరు నుండి ఈ విపణులపై సెబీ సంస్థ పర్యవేక్షణ కలదు.

ఇక లెక్క చూతము. క్వింటాలు ధర 14,000 రూపాయ లనుకొందము. లాటు వెల 7,00,000. అంత సొమ్ము చెల్లింప నక్కరలేదు. మార్జిన్ అను ధరావతు చాలును. అది నూటికి పది యనుకొన్నచో 70,000 రూపాయలు. ఇంత కొద్ది సొమ్ముతో అంత పెద్ద బేరము చేతికి వచ్చుటయే ఇందలి ఆకర్షణ. ఇందలి ప్రమాదమును అదియే.

ఇద్దరు మనుష్యులు చెరి యొక లాటు అమ్మిరి. ధర 600 రూపాయలు పెరిగినది. ఇద్దరి ఖాతాలనుండియు 30,000 రూపాయలు పోవును. మొదటివాని యింట 50 క్వింటాళ్ల పసుపు కలదు. దాని వెల 30,000 పెరిగినది గాన, అతనికి మొత్తముమీద నష్టము లేదు. రెండవవాని యింట బస్తా యైనను లేదు. అతని కదంతయు నష్టమే. అంకె యొక్కటియే, ఫలములు వేఱు. ధర 600 తగ్గినచో మొదటివానికి సరకుపై పోయినది ఖాతాలో వచ్చును. ఇదియే హెడ్జింగు.

ఇంట పసుపు ఉంచుకొని మరల వాయిదాలో పసుపు కొను రైతును చూడుడు. ధర పడినచో అతనికి పంటపై నొక నష్టము, బేరముపై మఱియొక నష్టము. తన గోడకు తానే రెండు గన్నములు వేసికొన్నట్లు.

లాభనష్టముల తేడా ఖాతాలో ఏరోజు కారోజు తేలును. చాలని ధరావతు వెంటనే నింపకున్నచో బ్రోకరు బేరమును తెంచివేయును. ఇంట సరకున్న రైతునకు సైతము చేతిలో నగదు లేకున్న ఈ ఆపద తప్పదు. గాన పంట ఋణపు సొమ్ము ఇందు పెట్టరాదు.

షేర్లపై వాయిదా, ఆప్షను బేరములు చేసిన వ్యక్తులను గూర్చి సెబీ 2024లో ఒక నివేదిక ప్రకటించినది. 2021-22 మొదలు మూడేండ్లలో వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. అది పసుపు లెక్క కాకపోయినను, వెనుక సరకు లేని బేరమునకు హెచ్చరికయే.

కావున ఈ క్రమము పాటింపుడు:

1. ఒక పంటకాలము కాగితముపైననే బేరము చేయుడు. గంజి ధర, వాయిదా ధర ప్రతిదినము ప్రక్కప్రక్కన వ్రాయుడు. ఆ రెంటి నడుమ తేడా యెట్లు మాఱునో గమనింపుడు.

2. అమ్మకమే మొదలు పెట్టుడు. అదియు పంటలో సగమునకు మించరాదు.

3. సెబీలో నమోదైన బ్రోకరు వద్దనే ఖాతా తెఱచి, ప్రతి బేరమునకు రసీదు పుచ్చుకొనుడు. లాభము ఖాయమని చెప్పువాని గడప త్రొక్కకుడు.

4. ఒక యెకరము వేసిన చిన్న రైతునకు 50 క్వింటాళ్లు సమకూడవు. పదిమంది కలిసి ఉత్పత్తిదారుల సంఘముగా నేర్పడినచో ఆ లాటు నిండును. సంఘము పేరిట బేరము, సంఘము పుస్తకములో లెక్క, సభలో దాని పరిశీలన జరుగవలెను.

ధర రైతు చేతిలో లేదు. పండించిన దానికి మించి బేరమాడకుండుట మాత్రము రైతు చేతిలోనే యున్నది.